పేరు లేని పేళ్ళు

రోహిణి ఎండలు మొదలయ్యే వేళకు మా వీధిలోకి కరెంటువాళ్ళ నిచ్చెన బండి వస్తుంది. గాలివానలకు తీగల మీద పడతాయని కానుగ కొమ్మలు, బాదం కొమ్మలు, ఎవరో ఎప్పుడో నాటి మరిచిపోయిన నిద్రగన్నేరు కొమ్మలు టకటకా నరికేస్తారు. గంటన్నరలో పని పూర్తి. నరికిందంతా వీధి మలుపులో గుట్టగా పడుతుంది. మూడోనాటికి ఆకు వడలుతుంది. అయిదోనాటికి గలగలమంటుంది. ఆరోనాడు తెల్లవారుజామున ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. ఎవరన్నది ఎప్పుడూ తెలీదు. ఏటా ఎవరో ఒకరు గీస్తారు, అంతే.

పోయినేడు ఆ పొగకే నాకు మెలకువ వచ్చింది. లుంగీ మీదే గోనెసంచి పట్టుకుని పరుగెత్తాను. మంట ఇంకా ఒక పక్కనే ఉంది. రెండో పక్క నుంచి మణికట్టు లావు కొమ్మల్ని లాగుతుంటే వీధులూడ్చే ఆమె చీపురు ఆపి చూస్తోంది.

"ఏం చేసుకుంటారండీ, వేణ్ణీళ్ళ పొయ్యిలోకా?"

"కాదమ్మా, మొక్కల మొదళ్ళలోకి. చిన్న చిన్న పేళ్ళుగా కొట్టి పరుస్తాను."

ఆమెకు నవ్వాగలేదు. "మొక్కలకి ఎరువేస్తారు గానీ పుల్లలేస్తారేంటండీ!"

ఆమె మీద నాకు కోపం లేదు. నాలుగింటికే లేచి మన కసువంతా ఎత్తే మనిషికి మట్టి శాస్త్రం తెలియలేదని ఏ మొహం పెట్టుకుని అంటాం? నా కోపం ఆమెకు ఆ మాట నేర్పిన మన మీద. ఎరువంటే బస్తాలో వచ్చేదేనని, నేల మీద రాలిన ప్రతి ఆకూ పుల్లా చెత్తేనని, వాకిలి నున్నగా గీకినట్టుంటేనే ఆ ఇంట్లో మనుషులు శుభ్రమైనవాళ్ళని నేర్పింది మనమే కదా!

పేడు అనే మాటే ఇప్పటి పిల్లలు ఎరగరు. గొడ్డలి దెబ్బకో బాడిస దెబ్బకో దుంగ నుంచి ఎగిరిపడే చెక్కముక్క పేడు. బెరడు, లేతచెక్క, ఒక్కోసారి కాస్త చేవ, అన్నీ అందులో ఉంటాయి. చెట్టు ఏళ్ళ తరబడి ఎండనీ గాలినీ నీటినీ కూడబెట్టుకుని చేసిన సొత్తు అది. దానికి మున్సిపల్ కాగితాల్లో ఉన్న పేరేమిటో తెలుసా? ఉద్యాన వ్యర్థం. వ్యర్థమట! మనిషిని మెచ్చుకోవాలంటే చేవగలవాడంటాం. తిట్టాలంటే చేవచచ్చినవాడంటాం. ఆ చేవే ముక్కలై వీధిలో పడితే మాత్రం చెత్తబండి ఎక్కిస్తాం, లేదా నిప్పంటిస్తాం.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా? మా ఊళ్ళో వడ్రంగి కొట్టం చింతచెట్టు కింద ఉండేది. ఏరువాకకు ముందు నాగళ్ళు, గొర్రులు, బండి ఆకులు బాగుచేయించుకోవాలని రైతులు తుమ్మ మొద్దులు తెచ్చి పడేసేవాళ్ళు. పొద్దుటి నుంచి బాడిస ఆడుతూనే ఉండేది. సాయంత్రానికి ఆయన మోకాళ్ళ చుట్టూ పేళ్ళ గుట్ట. లావుపాటివి పొయ్యిలోకి పోయేవి. దానికి బాధపడనక్కర్లేదు, నలుగురికి అన్నం ఉడికించిన చెక్క ధన్యమైనట్టే. మిగిలిన చిల్లరపేళ్ళు, బెరడు ముక్కలు మా నాయనమ్మ తట్టకెత్తుకొచ్చి పెరట్లో నిమ్మచెట్టు చుట్టూ, కరివేప చుట్టూ, సొరపాదు చుట్టూ పోసేది. ఎందుకు నాయనమ్మా అంటే "మట్టికి ఎండ కొట్టకుండా" అనేది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తర్వాత నేను చదివిన శాస్త్రమంతా ఆ మూడు మాటలకు టీకా.

ఆమె ఒక్కతే కాదు. కోనసీమలో కొబ్బరి డొక్కల్ని చెట్ల చుట్టూ గోతుల్లో పూడ్చి తేమ నిలుపుకున్నారు. వరి నాట్లకు ముందు కానుగ రొట్ట కోసుకొచ్చి దమ్ములో తొక్కారు. చెట్టు నుంచి వచ్చింది మట్టికి తిరిగి పోవాలన్నది ఎవరూ బోర్డు మీద రాసిపెట్టని కట్టుబాటు. చదువురాని తరం దాన్ని కాపాడింది. పట్టాలు పుచ్చుకున్న తరం దాన్ని కాల్చేసింది. ఇందులో అతిశయోక్తి ఉందనిపిస్తే మే నెలలో తెల్లవారుజామున ఏ పట్నంలోనైనా నాలుగు వీధులు తిరిగి రండి.

మంటలోంచి లాక్కొచ్చిన ఆ కొమ్మల సంగతి చెబుతాను. మా పెరడు పెద్దదేం కాదు, నూటయాభై గజాల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన చారెడు జాగా. కొమ్మల్ని కత్తిపెట్టి కొడితే మూడు సంచుల పేళ్ళయ్యాయి. రెండు ఆదివారాలు పట్టింది, అరచేతిలో బొబ్బలు లేచాయి. వంగమడిలో సగం మేర నాలుగంగుళాల మందాన పరిచాను. మిగతా సగం ఊరికే వదిలేశాను.

ఈ మే నెలలో ఒక మధ్యాహ్నం, రెండు గంటల ఎండలో, ఆ మడి దగ్గర గొంతుక్కూర్చున్నాను. వదిలేసిన సగంలో అరచెయ్యి ఆనించి చటుక్కున లాక్కున్నాను, పెనం మీద పెట్టినట్టయింది. పైమట్టి పెచ్చుకట్టి సన్నటి నెర్రెలు తీసింది. పొద్దున పోసిన నీళ్ళ జాడ లేదు. ఇటు సగంలోనూ పైపేళ్ళు కాలుతూనే ఉన్నాయి, దాపరికమెందుకు! కానీ వేళ్ళు లోపలికి దూర్చాను. చలివేంద్రంలో కుండ కింద తడి ఇసుక ఉంటుందే, ఆ చల్లదనం. పిడికిట్లోకి తీసి నొక్కితే ముద్దయింది. ఒక పేడు తిరగేస్తే దాని అడుగున తెల్లటి దారాలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. పక్కనే ఓ రోకలిబండ చుట్టచుట్టుకుని పడుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి వాసన. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, చినుకు పడకుండానే!

అందులో మంత్రమేం లేదు. ఎండ, వడగాలి మట్టికి నేరుగా తగలవు కాబట్టి తేమ ఆవిరి కాదు. వాన పడినప్పుడు చినుకు పేళ్ళ మీద విరిగి నింపాదిగా దిగుతుంది. మట్టిని కొట్టి పెచ్చుకట్టించదు, చిందించి టమాటా కింది ఆకులకు తెగుళ్ళు అంటించదు. వెలుతురు అందక కలుపు గింజ మొలవదు. (తుంగ మొలుస్తుంది. ప్లాస్టిక్ షీటునే పొడుచుకుని లేచే మొండి ఘటం, దానికి పేళ్ళొక లెక్కా! పీక్కోవాల్సిందే.) ఇక ఆ తెల్లదారాలు శిలీంధ్రాలవి. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విరగ్గొట్టి అరిగించుకునే నేర్పు ముఖ్యంగా వాటిదే. ఏడాది తిరిగేలోపు నాలుగంగుళాల మందం రెండంగుళాలకు కుంగింది. అందులో కొంత గాలిలో కలిసింది, మిగిలింది మెల్లగా మట్టిలోకి దిగింది. ఎండాకాలంలో పూటపూటా తడిపే మడికి ఇప్పుడు రెండ్రోజులకోసారి పోస్తే చాలుతోంది.

ఇంత ఊడిగం చేసేదాని మీద మనవాళ్ళు మోపే నేరాలు వింటే ఒళ్ళు మండుతుంది. పెరటి మొక్కల గురించి నాలుగు ముక్కలు తెలిసిన ప్రతివాడూ ముందు తీసేది నత్రజని మాట. చెక్కలో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని మరీ తక్కువ, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమ వాటా నత్రజనిని మట్టి నుంచి గుంజుకుంటాయి, మొక్కలు పసుపెక్కుతాయి అంటారు. సగం నిజం. పేళ్ళను మట్టిలో కలిపేస్తే ఆ ప్రమాదం ఉంది. మీద పరిస్తే ఆ గుంజుడంతా మట్టీ పేళ్ళూ కలిసే పలుచటి పొరలోనే జరుగుతుంది, వేళ్ళు తాగేది దానికింద. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉద్యాన శాస్త్రవేత్త లిండా చాకర్ స్కాట్ 2007లో మల్చింగ్, అంటే మట్టిని కప్పి ఉంచడం, మీద జరిగిన పరిశోధనలను సమీక్షిస్తూ పెద్ద వ్యాసం రాశారు. కొమ్మలు నరికేవాళ్ళ దగ్గర దొరికే పేళ్ళ తరఫున ఏళ్ళ తరబడి వాదిస్తూనే ఉన్నారు. అయినా ఆ సగం నిజమే ఊరంతా తిరుగుతోంది. మిగతా సగం గుమ్మం దాటలేదు.

తర్వాతది చెదల భయం. దీన్ని నేను కొట్టిపారెయ్యను. మన నేలల్లో చెద ఉంది. ఇంటిగోడకో తలుపు చట్రానికో ఆనించి పేళ్ళు పోసుకున్నవాడిది బుద్ధిలేని పని. రెండుమూడు అడుగులు ఎడం ఉంచాలి. మొక్క కాండానికి కూడా బెత్తెడు ఖాళీ వదలాలి, మొదట్లోనే కుప్పపోస్తే తడికి బెరడు కుళ్ళుతుంది. ఈపాటి జాగ్రత్త చెప్పి వదిలెయ్యాల్సిన విషయాన్ని పట్టుకుని అసలు పుల్లే వద్దంటారేం? గ్యాస్ పేలుతుందని వంట మానేశామా? వానల్లో కుక్కగొడుగులు మొలుస్తాయని ఇంకో గోల. మొలుస్తాయి. తినకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, నాలుగు రోజుల్లో అవే వాలిపోతాయి. కుక్కగొడుగు లేచిందంటే అడుగున పని సాగుతోందని అర్థం. ఇక తేళ్ళు, పాములంటారా, ప్రహరీ పక్కన పదేళ్ళుగా కదపని ఇటుకల గుట్ట చాలు వాటికి. ముందు దాన్ని ఎత్తించండి.

మేలు చేయబోయి కీడు చేసేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. కలప అడితికి పోయి రంపపు పొట్టు బస్తాలకొద్దీ తెచ్చి మడిలో దిమ్మరించి, పేళ్ళు పనికిరావని తేల్చేస్తారు. పొట్టు వేరు, పేళ్ళు వేరు. సన్నపొట్టు తడిసి ఆరితే అట్టకట్టి నీటిని దిగనివ్వదు. ప్లైవుడ్ పొట్టులో జిగురు ఉంటుంది. రంగులేసిన పాత కిటికీ చెక్కలు అసలే వద్దు. తోటకూర, పాలకూర గింజలు చల్లే మడిలో పేళ్ళు మొలకకు అడ్డం, అక్కడ పక్కకు జరుపుకోవాలి. పేళ్ళ హెచ్చరికలు ఇంతటితో సరి. ఇంత తక్కువ హెచ్చరికలతో వచ్చే పురుగుమందు డబ్బా ఒకటి చూపించండి, నోరు మూసుకుంటాను.

పేళ్ళను పట్టించుకున్న అధికారులూ లేకపోలేదు. 1970లలో కెనడాలోని క్యూబెక్‌లో ఎడ్గార్ గే అని అటవీశాఖలో పెద్ద హోదాలో పనిచేసిన అధికారి, సన్నకొమ్మల పేళ్ళను పొలాల్లో వేయించి చూశారు. లావల్ విశ్వవిద్యాలయంలో గిల్ లెమ్యూ అనే ఆచార్యుడు ఆ పనిని ఏళ్ళ తరబడి ముందుకు నడిపారు. వాళ్ళు ఎంచుకున్నది ఏడు సెంటీమీటర్ల లోపు లావున్న కొమ్మల్ని. చెట్టు తన పోషకాలను ఎక్కువగా దాచుకునేది ఈ పసికొమ్మల్లోనే, లావు మొద్దులో కాదు. ఏడు సెంటీమీటర్లంటే ఎంత? మా వీధిలో నిచ్చెన బండి నరికి పడేసేది చాలావరకు ఆ కొలతలోపే! మంచు కురిసే దేశంలో ఒక అధికారి, ఒక ఆచార్యుడు దాని కోసం వంగి నేల చూశారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వానతో బతికే అనంతపురం ఉన్న గడ్డ మీద, మనకు అధికారులు కరువా? ఆచార్యులు కరువా? వంగే నడుములే కరువయ్యాయా?

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఒక ఏప్రిల్లో వెళ్ళాను. మంచు కరగడమే ఆలస్యం, అక్కడ అంగళ్ళ ముందు రెండేసి ఘనపుటడుగుల సంచులు గుట్టలుగా లేచాయి. అల్లుడు కారులో పది సంచులు వేసుకొచ్చాడు. ఒకటి చింపితే లోపల పేళ్ళు! ఎర్రరంగు వేసిన పేళ్ళు!

"ఇక్కడ ఇంటిముందు ఇవి లేకపోతే బాగోదు మామయ్యగారూ" అన్నాడు.

"మన దగ్గర కాలుస్తాం నాయనా" అన్నాను.

అక్కడ చాలా ఊళ్ళలో నరికిన కొమ్మల పేళ్ళను మున్సిపాలిటీలే జనానికి ఊరికే ఇస్తాయని కూడా చెప్పాడు. గుంటూరు వీధుల్లో కాలే కొమ్మల పొగ పీల్చుకుంటూ బడికెళ్ళిన పిల్లాడు అక్కడ అవే పేళ్ళకు డాలర్లు పోస్తున్నాడు. ఇక్కడున్నవాళ్ళం మనమేం తక్కువ తిన్నాం? పైన్ చెట్టు బెరడు ముక్కల్ని ఆన్‌లైన్లో కిలోల లెక్కన తెప్పించుకుని బాల్కనీ కుండీల్లో పోసుకునేవాళ్ళు మన అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు. గేటు బయట వేపకొమ్మల గుట్ట కాలుతూంటుంది. పొగ రాకుండా కిటికీ మూసి మరీ ఆ పార్సిల్ విప్పుతారు.

ఇక ఏలేవారి దగ్గరికి వద్దాం. మట్టిని కప్పి ఉంచాలని ప్రభుత్వానికి తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద ప్లాస్టిక్ మల్చింగ్ షీటుకు సగం ఖర్చు రాయితీగా ఇస్తున్నారు. రైతును నేను తప్పుపట్టను. కలుపు కూలి భరించలేక మిర్చికీ టమాటాకీ పుచ్చకీ అది పరుచుకుంటున్నాడు. కానీ ఒకటి రెండు పంటలు కాగానే ఆ షీటు పేలికలై గట్ల మీద, తుమ్మకంపల మీద, పంటకాలువల్లో వేలాడుతుంది. మట్టిలో చిక్కుకున్న ముక్కలు ఎన్ని తరాలకు పోతాయో ఎవరు చెప్పాలి? దానికి దరఖాస్తు ఉంది, ఫోటో ఉంది, రాయితీ ఉంది. పట్నంలో పడ్డ కొమ్మను పేళ్ళుగా మార్చి మొక్క మొదట్లో పోసేవాడికి ఏముంది? వీధిజనం నవ్వు ఉంది. పేళ్ళకు డీలర్ లేడు, రంగుల కరపత్రం లేదు, కమిషన్ లేదు. తప్పంతా అక్కడే ఉందేమో!

ప్రకృతి సేద్యం గురించి సుభాష్ పాలేకర్ ఊరూరా తిరిగి చెప్పిన నాలుగు సూత్రాల్లో ఆచ్ఛాదన, అంటే నేలను కప్పి ఉంచడం, ఒకటి. ఆయనకు 2016లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించాం. ఆంధ్రప్రదేశ్‌లో వేలాది పల్లెల్లో ప్రకృతి సేద్యం కార్యకర్తలు నేలను ఏడాది పొడుగునా కప్పి ఉంచమని రైతులకు చెబుతున్నారు. సంతోషం. ఆ మాట పల్లె దాటి పట్నం పొలిమేరలోకి ఎందుకు రాదు? రైతు నేలకైతే కప్పు కావాలి, పార్కు నేలకు అక్కర్లేదా? పార్కుల్లో ఏం జరుగుతోందో చూడండి. చెట్టు కింద రాలిన ఆకు మొత్తం ఊడ్చి బయట పడేస్తారు. నేల నగ్నంగా ఎండకు మాడుతుంది. మధ్యాహ్నం ట్యాంకరొచ్చి ఆ చెట్టుకే నీళ్ళు పోస్తుంది. ఊడ్చినందుకు ఒక కూలి, తరలించినందుకు ఒక బండి, ఎండబెట్టినందుకు ఒక ట్యాంకరు! ఇంత తెలివి ఎక్కడైనా ఉంటుందా?

2015లో భూసార కార్డులు తెచ్చారు. మట్టిలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే ఆ గడిలో 'తక్కువ' అని రాసిస్తారు. అదే ఏడు తెలంగాణలో హరితహారం మొదలుపెట్టి ఊరూరా మొక్కలు నాటించారు. ఒక శాఖ కర్బనం లేదని చీటీ రాస్తుంది. ఒక శాఖ చెట్లు నాటి ఫోటో దిగుతుంది. చెట్టు పెరిగి కొమ్మ ఇచ్చాక ఇంకో శాఖ ఆ కొమ్మను నరికి వీధిలో వదిలేస్తుంది. ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కర్బనమే. కార్డులో లేదన్నది, వీధి మలుపులో పొగై ఆకాశానికి పోతున్నది ఒకటేనని ఈ ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పేవాడు ఎవరూ లేరా? బూడిద మొక్కలకు బలమే కదా అని సర్దిచెప్పేవాళ్ళకొక లెక్క. నూరు కిలోల ఎండుకొమ్మ కాలిస్తే మిగిలే బూడిద ఒకటి రెండు కిలోలు, ఆకుతో సహా కాలిస్తే ఇంకొంచెం. మిగతాదంతా మన ఊపిరితిత్తులకు.

చట్టం లేదా అంటే అదీ ఉంది. 2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు తోటల, పార్కుల కొమ్మారెమ్మను విడిగా సేకరించి వీలైనంతవరకు అక్కడికక్కడే వినియోగంలోకి తేవాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. వీధుల్లో కాల్చకూడదన్నాయి. ఆ ఏడు డిసెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 జరిమానా అన్నది. ఇన్నేళ్ళలో మా వీధిలో ఒక్కరు ఒక్క రూపాయి కట్టగా నేను చూడలేదు. అగ్గిపుల్ల గీసిన చెయ్యి ఎవరిదో ఎప్పుడూ తెలియదు కదా!

ఇది ఒక వీధి ముచ్చటైతే ఇంత గొంతు చించుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. ఒక్కరోజులో ఆ నగరం నీడ నేలకూలింది. కొండల మీద, వీధుల్లో, ఇళ్ళ ఆవరణల్లో పడిన చెట్లకు లెక్కలేదు. నాలుగేళ్ళకు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడిమామిడి తోటలు అడ్డంగా పడిపోయాయి. అన్ని చెట్ల దేహాలు ఎక్కడికి పోయాయి? వాటిలో ఎంత భాగం తాము నిలబడిన నేలకు తిరిగి చేరింది? కూలిన కొబ్బరి మొద్దుల్ని అలాగే కుళ్ళనిస్తే కొమ్ముపురుగు అందులో గుడ్లు పెట్టి, బతికున్న చెట్ల మొవ్వుల మీద పడుతుందని కొబ్బరి రైతులందరికీ తెలుసు. తుపాను తీరంలో ఉన్న మనకు, పడిన చెట్టును ముక్కలు చేసి పలుచగా నేల మీద పరిచే ఏర్పాటు ప్రతి జిల్లాలో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. రోడ్డుకు అడ్డం తీసేయడమే పని అనుకున్నాం. నేల సహాయశిబిరంలో లైనులో నిలబడి అడగలేదు కాబట్టి దాని వాటా దానికి ఇవ్వలేదు.

అయ్యా కమిషనర్లూ, అమ్మా మేయర్లూ, మేమేం గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. రోడ్లూడ్చే యంత్రాలు కొన్నారు, ఫౌంటెన్లకు రంగు దీపాలు కొన్నారు. నాలుగు వార్డులకు ఒకటి చొప్పున కొమ్మల్ని పేళ్ళు చేసే యంత్రం కొనలేరా? నిచ్చెన బండి వెనకే దాన్ని పంపండి. కొమ్మ పడ్డచోటే పేళ్ళవ్వాలి. ముందు ఆ వీధి చెట్ల మొదళ్ళలో పొయ్యండి, తర్వాత పార్కుకు, ఇంకా మిగిలితే మాకు. గోనెసంచులు మేమే తెచ్చుకుంటాం, లైనులో మేమే నిలబడతాం. లావు కట్టెలు పొయ్యి మీద బతికేవాళ్ళకు ముందు ఇవ్వండి, దానికి మేం అడ్డంరాం. నేను కత్తితో రెండు ఆదివారాలు కొట్టిన మూడు సంచులు ఆ యంత్రానికి నిమిషాల పని. మా చేతికి బొబ్బలు లేస్తాయని కాదు ఈ మొర. ఎన్ని చేతులు కొట్టినా ఒక ఊరి కొమ్మలు కొట్టలేవని.

ఇళ్ళు కట్టుకున్నవాళ్ళను మాత్రం ఎందుకు వదలాలి? ప్రహరీ నుంచి ప్రహరీ దాకా టైల్స్ పరిచి, మామిడిచెట్టు మొదలు చుట్టూ సిమెంటు గుండ్రంగా పూసి, చెట్టు ఎండిపోతోంది ఏం మందు వెయ్యమంటారని అడుగుతారు. చెట్టు గొంతు పిసుకుతూ మందడగడం ఏమిటండీ! ఆ సిమెంటు రెండడుగులు పగలగొట్టించి, మీ చెట్టు పోయినేడు విడిచిన కొమ్మనే దాని పాదాల దగ్గర పెడితే మీ పరువేం పోతుంది?

దసరా రోజుల్లో వీధులూడ్చే ఆమెకు ఓ సంచిలో వంకాయలు ఇచ్చాను. "పుల్లల వంకాయలా?" అని నవ్వింది. మర్నాడు గేటు దగ్గర ఆగి, ఒక్క నిమిషం లోపలికి వచ్చి మడి చూస్తానంది. వంగి ఒక పేడు ఎత్తి, అడుగున ఉన్న తెల్లదారాల్ని చూపుడువేలితో తాకి చూసింది. ఏమీ అనలేదు. మళ్ళీ ఎక్కడిది అక్కడే బోర్లించి పెట్టింది.

ఈ ఏడు నిచ్చెన బండి మొన్న వచ్చింది. సాయంత్రం నేను బజారు నుంచి వచ్చేసరికి మా గేటు పక్కన మణికట్టు లావు కొమ్మలు విడిగా పేర్చి ఉన్నాయి. పైన గడ్డితాడు కట్టి ఉంది. ఇంతకాలంగా నేను మున్సిపాలిటీకి రాసిన అర్జీలకు వచ్చిన జవాబు అదొక్కటే, అదీ ఏ సంతకమూ లేకుండా వచ్చింది. మిగతా గుట్టంతా మలుపులోనే ఉంది, మనిషెత్తు. ఆకు వడలడం మొదలైంది. ఇవాళ మూడోరోజు.